మూల గడి

ధర్మవరం, ఆదివారం రాత్రి

గెలిచాను! ఇన్నాళ్లకు యుద్ధం ఆటలో బావ మీద గెలిచాను.

ఆటతో వచ్చిన పటం చిరిగిపోయాక, బావ చీరల డిజైన్లు వేసే గ్రాఫు కాగితం మీదే పెనుకొండ కోట గీసుకున్నాం. పాత పటంలో ఆరు పక్కల గళ్లు, ఇందులో చదరాలు. గొడవంతా దాంతోనే. ఓడిన దళం ఒక గడి వెనక్కి తగ్గాలి, చోటు లేకపోతే చచ్చినట్టే. ఓడిన నా ఏనుగులకు నాలుగు వైపులా బావ సైన్యమే. వాటి గడికి మూలగా తగిలే కోట వాకిలి గడి ఒక్కటే ఖాళీ.

"యాడికి పోతాయప్పా? తీసి పక్కన పెట్టు," అన్నాడు బావ. మూలకు తగ్గొచ్చో లేదో రూల్సు పుస్తకంలో లేదు.

"బావా, నీ చీర అంచులో తీగె మూల గడి నుంచి మూల గడికే కదా పాకేది? ఆడ తెగని దావ ఈడెట్ల తెగుతాది?"

పట్టుదారం కండెలు చుడుతున్న అక్క పకపకా నవ్వింది. బావ తల గోక్కుని ఒప్పుకున్నాడు. ఏనుగులు కోటలో దూరాయి, కోట చివరిదాకా నిలిచింది.

పడుకుంటే ఇప్పుడు తడుతోంది. ఇకమీదట బావ దళాలూ మూలల్లోంచే జారుకుంటాయి. చుట్టూ మూయాలంటే ఎనిమిది దళాలు కావాలి. నాకున్నవి ఆరే.