లెక్క చెప్పని మంద

19 జనవరి 2004, సూర్యాపేట
ఇవాళ మొదటి వెబ్ డిజైన్ క్లాసు. నగేష్ సార్ నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు లైన్లు టైప్ చేయించారు. సేవ్ చేసి బ్రౌజర్‌లో తెరిస్తే నవనీత అని ఇంగ్లిష్‌లో నా పేరు, స్క్రీన్ అంత వెడల్పున. దాని వెనక ఉన్నది ఆ నాలుగు లైన్లేనా అని నమ్మలేక రెండుసార్లు మూసి తెరిచాను. సార్ నవ్వారు.

ఆ లైన్లలో ట్యాగ్‌లనే గుర్తులుంటాయి, తెరిచిన ట్యాగ్ మూయాలట. మూయకపోతే కింద ఉన్నవన్నీ దాని వెంటే పోతాయట. ఇది నాకు కొత్తగా చెప్పాలా? దొడ్డికి తడిక వేయకపోతే ఏమవుతుందో గొర్రెల కాపరి బిడ్డకు తెలియదా.

21 జనవరి
ఫోటో పేజీలో ఉండదట. అది ఎక్కడుందో అడ్రస్ మాత్రమే ఉంటుందట. రోజంతా ఇదే ఆలోచన.

25 జనవరి
పేజీకి హెడ్, బాడీ అని రెండు భాగాలు. హెడ్‌లో రాసింది లోపలి సంగతి. బాడీలో రాసిందే లోకం చూసేది. లింక్ నొక్కితే ఇంకో పేజీ. అన్నీ కలిపి సర్వర్ అనే కంప్యూటర్‌లో పెట్టి ఒక అడ్రస్ ఇస్తే వెబ్‌సైట్. అంతే. అంత పెద్ద నెట్‌ని ఇంత చిన్న ముక్కలతో కట్టారంటే ఒళ్ళు జలదరించింది.

అసలు సంగతి రాయలేదు. మా కంప్యూటర్ సెంటర్ వాళ్ళు కోదాడలో కొత్త బ్రాంచి పెడుతున్నారు. ఫిబ్రవరి ఆఖరులోగా సొంతంగా సైట్ చేసి నెట్‌లో పెట్టిన వాళ్ళలో ఒకరికి అక్కడ టీచర్ ఉద్యోగం. నాకు కావాలి. అమ్మ మాత్రం, మీ నాయిన ఊ అంటేనే పోవుడు అన్నది. నాన్న మందతో నిడమనూరు పొలాల్లో ఉన్నాడు. కోతలయ్యాక అక్కడి రైతులు ఎరువు కోసం మందను మళ్ళలో నిలిపించుకుంటారు. ఎండలు ముదిరేదాకా రాడు.

8 ఫిబ్రవరి
నా సైట్ మా మంద మీదే. మా ఊరు మోతెకి ఒక పేజీ, నాన్నకి ఒక పేజీ, గొర్రెలకి ఒక పేజీ. సార్ చూసి, ఎన్ని గొర్రెలో రాయలేదేంటమ్మా, సమాచారం లేని పేజీ ఎందుకు అన్నారు.

మా ఇంట్లో మంద లెక్క పైకి చెప్పరు. ఎవరడిగినా, ఉన్నయ్ కొన్ని, అనడమే. చెబితే దిష్టి తగిలి మంద తరుగుతుందని భయం. కానీ డిసెంబర్‌లో మంద కదిలిన రోజు నేను తడిక పక్కన నిలబడి మనసులో లెక్కపెట్టాను.

143 అని టైప్ చేశాను. పెద్ద సైజులో, ఎర్ర రంగులో.

15 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3
సైట్ నెట్‌లోకి ఎక్కింది. మిర్యాలగూడలో నెట్ సెంటర్ నడిపే పాండుకి సార్ ఫోన్ చేసి అడ్రస్ చెప్పి, రిసీవర్ నా చేతిలో పెట్టారు. మా పొట్టేలు ఫోటో పైనుంచి మెల్లగా దిగుతోందట. తర్వాత పాండు, నూట నలభై మూడా అక్కా, మస్తున్నయ్ గదా అన్నాడు. గొర్రెలు నిడమనూరులో, నేను పేటలో, అతను మిర్యాలగూడలో. అయినా అందరం ఒక్కచోటే ఉన్నాం. ఏడుపొచ్చింది.

22 ఫిబ్రవరి
నాన్న బియ్యం కోసం ఇంటికొచ్చాడు. పేటకు తీసుకెళ్ళి చూపించాను. తెర మీద మా పొట్టేలును గుర్తుపట్టి, గిది తీగలకెళ్లి వచ్చిందా బిడ్డా అని మెల్లగా అడిగాడు. వేలితో దాని కొమ్ము తడిమాడు. నాన్నకు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. ఎర్ర అంకె దగ్గర వేలు ఆగింది.

లేచి బయటకు పోయాడు. బస్సెక్కే ముందు, గా లెక్క తీసెయ్, తీసినంకనే కోదాడ ముచ్చట అన్నాడు.

23 ఫిబ్రవరి
తీయలేదు. సార్ ఒకటో తారీఖున అందరి సైట్లూ చూస్తారు.

4 మార్చి
ఉద్యోగం నాకే అని సార్ చెప్పారు. ఇంటికొచ్చేసరికి నిడమనూరు నుంచి కబురు. మందలో పారుడు రోగం, విరేచనాలతో అయిదు చచ్చాయి. అమ్మ తిట్టలేదు. లోకానికి లెక్క అప్పజెప్తివి బిడ్డా అని గోడకు ఆనుకుని కూర్చుంది.

నేను దిష్టి నమ్మను. నమ్మనని అనుకుంటూనే మళ్ళీ బస్సెక్కాను. పేటలో నెట్ సెంటర్‌కి పోతే కరెంటు లేదు. రెండు గంటలు కూర్చుని, కరెంటు రాగానే అంకె తీసి రిఫ్రెష్ నొక్కాను. లేదు. అంతమంది చూడగలిగినది అంత తేలికగా పోయింది. గొర్రెలు మాత్రం తిరిగి రావు.

10 మార్చి, నిడమనూరు
పదకొండు పోయాయి. నేనేమీ అడగకముందే నాన్న నన్ను మందలోకి తీసుకెళ్ళాడు. చాలావాటి వీపు మీద వెలిసిన నీలం రంగు. జనవరిలో పశువుల డాక్టర్ టీకా వేసి పెట్టిన గుర్తు. ఎన్ని ఉన్నాయని ఆయన ముందుగా అడిగితే నాన్న అలవాటు కొద్దీ తగ్గించి, వంద ఉంటయ్ అన్నాడట. ఆయన వంద టీకాలే తెచ్చారు. ఇంకా ఉన్నాయని చెప్పడానికి నాన్నకు నోరు రాలేదు. చచ్చిన పదకొండింటిలో ఒక్కదానికీ రంగు లేదు.

నీ పేజీ ఏం జెయ్యలే బిడ్డా, నా నోరే జేసింది అన్నాడు. నాన్న తన తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మిగిలిన ముప్పై రెండింటికి నిన్న టీకా వేయించాడు. డాక్టర్‌కి అసలు లెక్క చెప్పాడట. నెట్ కన్నా నాకు అదే పెద్ద వింత.

కోదాడ పో అన్నాడు. వెనక్కి పిలిచి, గా లెక్క మళ్ల వెట్టు, ఉన్నదున్నట్టు వెట్టు అన్నాడు.

2 ఏప్రిల్, కోదాడ
క్లాసు మధ్యలో ఆఫీసుకి ఫోన్. నాన్న. నూట ముప్పై అయిదు, రాసుకో అన్నాడు. అప్పుడే పుట్టిన మూడు గొర్రెపిల్లలకు ఇంకా తడి ఆరలేదట.