కాబోయే అల్లుడు మింగేసిన నాలుగు గంటలు

మస్కట్

పూజ్యులైన అత్తయ్యగారికి,

మాజిద్ సలాములు. మీ ఇల్హామ్‌ను నాకిమ్మని అడగడానికి ఈ రంజాన్‌లోనే కాసాబ్లాంకా వస్తున్నాను. విమానం ఇక్కడ మధ్యాహ్నం రెండింటికి లేచి, అక్కడ సాయంత్రం ఆరింటికి దిగుతుంది. ఆరువేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఎనిమిది గంటల ప్రయాణం. అందుకని ఆ రోజు ఉపవాసం ఉండలేనేమో. ప్రయాణికులకు మినహాయింపు ఉంది కదా.

విధేయుడు,
మాజిద్

తా.క. ఉపవాసం లేకపోయినా మీ హరీరా సూప్ మాత్రం వదలను.

కాసాబ్లాంకా

చిరంజీవి మాజిద్‌ను లల్లా జహూర్ దీవించి రాయునది:

నేనింకా నీకు అత్తయ్యను కాలేదు. రెండు నుంచి ఆరు దాకా ఎన్ని గంటలో నా కుట్టుకొట్టులో బొత్తాలు కుట్టే పిల్లకు కూడా తెలుసు. మిగతా నాలుగు గంటలు ఎవరింట్లో గడిపి వస్తావు? ఆ కాస్త ప్రయాణానికే ఉపవాసం ఎగ్గొట్టేవాడికి పిల్లనెలా ఇచ్చేది? ఫోన్‌లో మాట గాలికి పోతుంది. సంజాయిషీ కాగితం మీద పెట్టు.

జహూర్

తా.క. మా పక్కింటాయన కూడా పెళ్లికి ముందు ఇలాగే మధ్యమధ్య మాయమయ్యేవాడు. ఇప్పుడాయనకు ఇద్దరు పెళ్లాలు.

మస్కట్

గౌరవనీయులైన లల్లా జహూర్‌గారికి,

నేనెక్కడికీ పోనండి. సూర్యుడు ముందు మా ఊళ్లో పొడిచి, తర్వాత మీ ఊరొస్తాడు. అందుకే మా గడియారాలు నాలుగు గంటలు ముందుంటాయి. గాలిలో మాత్రం ఎనిమిది గంటలే.

మీ విశ్వాసపాత్రుడు,
మాజిద్

తా.క. తిరుగు విమానం రాత్రి ఎనిమిదికి లేచి పొద్దున ఎనిమిదికి దిగుతుంది. గడియారం ప్రకారం పన్నెండు గంటలు.

కాసాబ్లాంకా

మాజిద్‌కు,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తిరుగు ప్రయాణం సంగతి నేనడక్కుండానే చెప్పావు. మా ఇంటికి రావడానికి నాలుగు, మీ ఇంటికి పోవడానికి పన్నెండా? దారిలో ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగుతావో దేవుడికే తెలియాలి. ఈ సంబంధం నాకిష్టం లేదు. ఇల్హామ్‌కు కూడా చెప్పేశాను. అన్నం మానేసి ఏడుస్తోంది, ఏడవనీ.

జహూర్

తా.క. తప్పు సూర్యుడి మీదకి తోయకు. ఆయన్ని చిన్నప్పటినుంచీ ఎరుగుదును.

మస్కట్

లల్లా జహూర్‌గారికి,

ఇక రాయను. గురువారం ఉపవాసంతోనే బయల్దేరుతున్నాను. మీ ఊళ్లో పొద్దు గుంకేలోపు మంచినీళ్లు ముట్టినా నన్ను గుమ్మంలోంచే పంపేయండి.

మాజిద్

తా.క. ఇల్హామ్‌ను అన్నం తినమనండి.

మస్కట్, మీ ఇల్లు

మా ఇంట్లో కూర్చున్న మాజిద్‌కు,

నీ ఉత్తరం అందకముందే, ఆ నాలుగు గంటలు ఎవరింట్లో ఉన్నాయో పట్టుకుందామని గురువారం పొద్దున్నే విమానమెక్కాను. నేనూ ఉపవాసంతోనే ఎక్కాను. నా చేతి గడియారంలో మూడు కూడా కాలేదు, కిటికీలో పొద్దు గుంకిపోయింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. నేనూ వేసుకున్నాను.

ఇల్హామ్ ఫోన్ చేసింది. నువ్వు దిగుతున్న సూర్యుడి వెంటబడి, మా మసీదులో బాంగు వినేదాకా గుక్కెడు నీళ్లు తాగకుండా, మా గుమ్మంలో తూలి పడబోయావట. నాకు తగ్గిన ఆకలంతా నువ్వు పడ్డావు నాయనా. ఆ నాలుగు గంటలూ నువ్వెక్కడున్నావో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. పిల్ల నీదే. మీ అమ్మతో మాట ఖాయం చేసుకున్నాను.

మీ అత్తయ్య,
జహూర్

తా.క. మీ అమ్మ హల్వా బాగుంది, పండగ దాకా ఇక్కడే ఉంటాను. మీరిద్దరే ఉన్నారని సంబరపడకు. ఈపాటికి మా అక్క వచ్చి మీ మధ్యలో కూర్చుని ఉంటుంది.