ఆ పిల్ల నోరు విప్పింది

ఏమండీ,

కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకోండి. చంటోడి చొక్కా ఇంకా తడిగానే ఉంది, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టండి. ఇవాళ మా ట్రైనింగ్ మేడమ్ వెనకాల కూర్చుని నా క్లాసు చూస్తారు, అందుకే పెందలాడే వెళ్తున్నా.

రాత్రి చెబుదామంటే మీరు గుర్రు పెట్టేశారు. బడిలో చేరినప్పటి నుంచీ పెదవి విప్పని పిల్ల నిన్న మాట్లాడిందండీ! నేను చెక్కముక్కలు పేరుస్తుంటే నా చెయ్యి తోసేసి, "అలా కాదు, నాకియ్యి" అంది. నాకు ఏడుపాగలేదు. "ఈ వయసులో పిల్లలతో ఆటలేంటే" అని నేను టీచర్ ట్రైనింగ్‌లో చేరినప్పుడు నవ్వారుగా, ఇదిగో ఇందుకే.

"మేడమ్ ముందు దాన్ని మాట్లాడించు, పాసైపోతావ్" అంటున్నారు తోటివాళ్లు. నేను మాట్లాడించను. ఇవాళ మళ్లీ మూగనోము పడితే పట్టనీ, పక్కనే కూర్చుంటాను.

భయంగా ఉంది. సాయంత్రం ఏమైందో మీరే అడగండి, నా అంతట నేను చెప్పను.