ఇరవై రెండు సెకన్ల తుమ్ము

పజుండౌంగ్, రంగూన్
(ఇప్పుడు యాంగోన్ అని రాయాలట. నీకు అలవాటైన పేరే రాశాను.)
21 జనవరి 1990

పూజ్యులైన భీమరాజు అన్నయ్య పాదాలకు చెల్లెలు వీరలక్ష్మి నమస్కారాలు. ఒదినకు నమస్కారం, పిల్లలకు దీవెనలు. నీకన్నా ముందు ఈ ఉత్తరం విప్పి చూసే ఆఫీసరు గారికి కూడా ఒక నమస్కారం. ఆయనకు తెలుగు రాదని, వచ్చినవాణ్ణి వెతికి చదివించుకునేసరికి నెల పడుతోందని ఇక్కడ చెప్పుకుంటున్నారు. నేను, నా కొడుకు చిట్టిబాబు, నా కారం మిల్లు, ముగ్గురం ఆగకుండా తిరుగుతున్నాం. విశాఖపట్నంలో మీరంతా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అందులో క్షేమసమాచారాలు ఒకటిన్నర లైను, తిట్లు మూడు పేజీలు. పందెం నడిపే ధర్మారావు కొట్టిన టెలిగ్రాము చూశాక రెండు రోజులు నీకు అన్నం సయించలేదన్నావు. సైకిలు పందెంలో రెండు నిమిషాల నలభై సెకన్లు ముందున్న చిట్టిబాబు ఆఖరి రోజున ఎలా ఓడిపోతాడు, దారిలో పడుకున్నాడా అని అడిగావు. పూర్తి వివరం రాసేదాకా నాతో మాట్లాడనన్నావు. పాతికేళ్ళుగా మన మధ్య సముద్రం ఉంది, నువ్వు మాట్లాడ్డం మానేస్తే నాకు తెలిసేదెలాగ? అయినా రాస్తున్నాను.

పందెం పెట్టిందే నువ్వు కాబట్టి నీకు రూల్సు చెప్పనక్కర్లేదు. కానీ నీ ఉత్తరం చదివితే నువ్వే మరిచిపోయినట్టుంది. స్కూల్లో ఫ్రెంచి ఫాదరు చెప్పాడు కదా, వాళ్ళ దేశంలో మూడు వారాలు సైకిళ్ళు తొక్కుతారని, ఏ రోజు పట్టిన టైము ఆ రోజు రాసి, అన్నీ కూడి, అందరికన్నా తక్కువ పట్టినవాణ్ణి గెలిపిస్తారని, ముందున్నవాడికి పసుపు చొక్కా తొడుగుతారని. నువ్వు మూడు వారాలను ఐదు రోజులు చేశావు. పసుపు చొక్కా దొరక్క నీ బనియనే అమ్మ పసుపు డబ్బాలో ముంచావు. ఆ రోజు అమ్మ చేతిలో తిన్న దెబ్బలు కూడా మరిచిపోయావేమో. ఆ బనియను కోసమే ఇప్పటికీ మన కుర్రాళ్ళు మోకాళ్ళు చెక్కుకుంటున్నారు. నువ్వు మూడుసార్లు గెలిచి, అరవై నాలుగులో నీ ఆకుపచ్చ సైకిలు నాకు వదిలేసి ఓడ ఎక్కావు. ఆ తర్వాత ఆ బనియను గెలిచి మనింటికి తెచ్చినవాడు లేడు. నీ మేనల్లుడు నీ సైకిలు మీదే దాన్ని తేవాలని నీకెంత ఆశో నాకు తెలుసు.

ఎనభై ఎనిమిదిలో పందెం జరగలేదు. ఆ ఏటి సంగతులు నువ్వు రేడియోలో వినే ఉంటావు, నేను రాయను. ఆ ఆగస్టంతా చిట్టిబాబు కామెర్లతో మంచం మీదున్నాడని నీకు అప్పుడే రాశాను. తర్వాత సైకిలు తుప్పు పడుతోందని దానికి నల్లరంగు వేయించాను. అందుకు కూడా నువ్వు తిట్టావు.

ఈసారి కార్తీకంలో పెట్టుకుంటామని ధర్మారావు మా వార్డు పెద్ద ఊ మౌంగ్ గలేని అడిగాడు. ఐదుగురు ఒకచోట చేరకూడదని ఆర్డరు ఉంది కదా. ఊ మౌంగ్ గలే మంచివాడే, కాకపోతే భయస్థుడు. నలుగురేసి చొప్పున వెళ్ళండి, నలుగురికి రూల్లో అడ్డం లేదు అన్నాడు. ఎనిమిది మంది దిగారు. మొదటి నలుగురు వెళ్ళిన రెండు నిమిషాలకు రెండో నలుగురు. నాలుగు రోజులు అలాగే నడిచింది. మనవాడు ముందు, సూరి రెండు నిమిషాల నలభై సెకన్లు వెనక, ధర్మారావు కొడుకు మూడోవాడు. సైకా రిక్షా తొక్కే అచ్చయ్య ఏడోవాడు. రోజంతా ఇద్దర్ని పక్కన కూర్చోబెట్టుకుని లాగే మనిషి, వట్టి సైకిలు ఎక్కితే గాలిలో ఎగరాలి కదా! ఆయనకు పక్కవాడితో కబుర్లు చెప్పకుండా తొక్కడం రాదు.

నాలుగోరోజు చిమిండైంగ్ బజారు దగ్గర రెండో జట్టు మొదటి జట్టును కలిసేసింది. ఎనిమిది సైకిళ్ళు ఒక వరసలో, కూరగాయల వాళ్ళు లేచి చప్పట్లు. ఊ మౌంగ్ గలేకి చెమటలు పట్టేశాయి. సాయంత్రం వచ్చి, రేపు ఒక్కొక్కడే వెళ్ళాలి, లేదా పందెమే లేదన్నాడు. మనవాళ్ళు ముఖాలు వేలాడేస్తే, గడియారాల కూర్మనాథం బావ మాత్రం ఎగిరి గంతేశాడు. ఆ దేశంలో కూడా ఒకరోజు ఇలాగే ఒక్కొక్కణ్ణే వదులుతారట, ఎదుటివాడు ఉండడు, గడియారమే ఎదుటివాడట, లెక్కంతా ఆ రోజే తలకిందులవుతుందట. ఆ తలకిందులు మనింటికే వస్తుందని అప్పుడు నాకేం తెలుసు?

ఏర్పాటు ఇది. మా మిల్లు గుమ్మం నుంచి చిమిండైంగ్ బజారు దాకా ఐదున్నర మైళ్ళు. ఐదేసి నిమిషాలకు ఒకడు. ముందున్నవాడు ఆఖర్న బయల్దేరాలి. ఇక్కడ కూర్మనాథం బావ ఒక గడియారంతో, అక్కడ ధర్మారావు జంట గడియారంతో. టైము అయిందంటే అయినట్టే, మనిషి కదిలినా కదలకపోయినా గడియారం ఆగదు. గుమ్మం దగ్గర నలుగురికి మించకూడదు కాబట్టి కూర్మనాథం బావ, పోటీవాడు, సీటు పట్టుకోడానికి మా మిల్లులో పనిచేసే చిన్నమ్మి, బొట్టుపెట్టి హారతివ్వడానికి నేను. ఊ మౌంగ్ గలే కూడా నించుంటే ఐదుగురయ్యాం. ఐదో మనిషినని ఆయనే ముందు గాభరాపడ్డాడు, తర్వాత ఆలోచించి, నేను గవర్నమెంటును, నన్ను లెక్కపెట్టక్కర్లేదు అన్నాడు. పొద్దున్నే టీ తాగుతూ మంచి కబురు కూడా చెప్పాడు. డా వీరా అని మర్యాదగా పిలిచి, గెలిచినవాడి ఫోటో సైకిలుతో సహా రేపు పేపర్లో వేస్తారట, ఊళ్ళో కుర్రాళ్ళంతా ఆటపాటలతో ఉన్నారని రాస్తారట, కెమెరా మనిషి చిమిండైంగ్‌లో నించునే ఉన్నాడు అని. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

ఒంటరి పరుగు మనుషుల్ని ఎలా తారుమారు చేసిందో చూడు. ధర్మారావు కొడుకును కాపలా గేటు దగ్గర సిపాయిలు కార్డు అడిగారు. కార్డు చొక్కా జేబులో, చొక్కా ఇంట్లో. బనియనుతో వచ్చినవాడు ఏం చూపిస్తాడు? పదకొండు నిమిషాలు నించోబెట్టి వదిలారు, మూడోవాడు ఎనిమిదోవాడయ్యాడు. అచ్చయ్యకు కబుర్లు చెప్పడానికి పక్కన ఎవరూ లేరు. విసుగెత్తి తొక్కేశాడు. గేటు సిపాయిలంతా ఆయన సైకా ఎక్కేవాళ్ళే, చెయ్యూపి పంపించారు. ఏడోవాడు మూడోవాడయ్యాడు. సూరి ఇరవై ఒక్క నిమిషాల ముప్పై సెకన్లలో చేరాడు.

ఆఖర్న మనవాడు. పసుపు బనియను వేసుకుని, చెమటకు ఆ పసుపంతా మెడకీ చేతులకీ అంటుకుని, కామెర్లప్పుడు కూడా అంత పచ్చగా లేడు. బొట్టు పెట్టాను. కూర్మనాథం బావ పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నాడు. మూడు అన్నాడు. అప్పుడు ఎవరో తుమ్మారు.

మామూలు తుమ్ము కాదు, సైకిలు బెల్లు కూడా టింగుమంది. మన ఇంటి పద్ధతి నీకు తెలుసు, బయల్దేరేటప్పుడు తుమ్ము వినపడితే అడుగు ముందుకు పడటానికి వీల్లేదు. అందరూ కలిసి బయల్దేరే పందెమైతే ఒక తుమ్ము ఎనిమిది మందికీ తగులుతుంది, ఎవరికీ నష్టముండదు. ఒక్కొక్కణ్ణే వదిలే పందెంలో అది ఒక్కడికే చుట్టుకుంటుంది. నేను హాండిలు పట్టుకుని, దిగరా అన్నాను. చిన్నమ్మి ఏటమ్మా ఇది, గడియారం నడుత్తంది అని ఏడుపు మొదలెట్టింది. నడిస్తే నడవనీ, ఆడి పేణం కన్నా ఎక్కువేటి అని దాన్ని కసిరాను. కూర్మనాథం బావ గడియారం ఆపకపోగా ప్రతి ముక్కా పుస్తకంలో రాసుకున్నాడు. నాకు చూపించాడు, అలాగే దింపుతున్నాను:

దిగుట, పది సెకన్లు. కాళ్ళు కడుగుకొనుట, యాభై ఐదు. అరుగుపై కూర్చొనుట, రెండు నిమిషాలు. మంచినీళ్ళు ఒకటో గ్లాసు, ఇరవై ఐదు. రెండో గ్లాసు, ముప్పై. మరల ఎక్కుట, పది.

మొత్తం నాలుగు నిమిషాల పది సెకన్లు. తర్వాత వాడు తొక్కిన తొక్కుడు నువ్వు చూసుంటే నాకు మూడు పేజీలు రాసేవాడివి కాదు. దారిలో పట్టింది ఇరవై నిమిషాల ఇరవై రెండు సెకన్లే, సూరి కన్నా నిమిషం పైగా తక్కువ. కానీ ఇక్కడ కూర్చున్నది కూడా కలిపి కట్టారు. ఐదు రోజులూ కూడితే సూరి గెలిచాడు, ఇరవై రెండు సెకన్లతో.

ఇక తుమ్మిందెవరు? అదే ఇప్పుడు పజుండౌంగ్ అంతా మాట. ముక్కుపొడుం డబ్బీ తెరిచి అరుగు మీద పెట్టుకున్నది కూర్మనాథం బావే కాబట్టి అందరి వేలూ ఆయన మీదికే. పాపం, గుళ్ళో దీపం ముట్టుకుని ఒట్టేశాడు. ముక్కుపొడుం మానేశాడు. అందుకు అక్క మాత్రం సంతోషంగా ఉంది. చిన్నమ్మి, నాకు తుమ్మొత్తే మూడొత్తాయి గానీ ఒకటి రాదు అని అందరికీ చెప్పుకుంటోంది. ఊ మౌంగ్ గలేకి ఆ వారమంతా జలుబు. మర్నాడు మాటామంతీ లేకుండా అరటిగెల పంపాడు. తనే తుమ్మాడని ఆయన అనుమానం. గవర్నమెంటు తుమ్మును ఎవరు నిలదీస్తారు? నన్నెవరూ అనలేదు. ముప్పై ఏళ్ళుగా మిరపకాయలు ఆడిస్తున్నాను, ఒక్కసారైనా తుమ్మగా చూసినవాళ్ళు లేరు.

సూరి ఫోటో పేపర్లో పడింది. ఊ మౌంగ్ గలే నిండుగా ఉన్నాడు. సూరిది చెవి ఒకటి కనిపిస్తోంది.

ఇదీ జరిగింది. ఇక అన్నం తిను.

నీ చెల్లెలు,
వీరలక్ష్మి

తా.క. పైదంతా పోస్టు కోసం రాసింది. కవరు అంటిస్తుండగా బట్టల కొట్టు చంద్రరావు గారు వచ్చారు, కలకత్తా మీదుగా విశాఖ వెళ్తున్నారట. కాబట్టి ఇది లఫెట్టు డబ్బాలో, ఊరేసిన తేయాకు అడుగున, తిన్నగా నీ చేతికే వస్తుంది. ఆఫీసరు గారికి పెట్టిన నమస్కారం వెనక్కి తీసుకుంటున్నాను.

తుమ్మింది నేనే అన్నయ్యా.

వాడికి కామెర్లు రాలేదు. ఆ ఆగస్టులో నీ సైకిలుకు జెండా కట్టుకుని, గవర్నమెంటుకు ఎదురు లేచిన ఊరేగింపుల ముందు తిరిగాడు. ఎవరో ఫోటోలు తీశారు. ఆకుపచ్చ సైకిలు మీదున్న కుర్రాడెవడని మిలిటరీవాళ్ళు ఇప్పటికీ అడుగుతున్నారు. వాడితో తిరిగిన ఇద్దరు ఏమయ్యారో వాళ్ళ తల్లులకు ఈ రోజుకీ తెలియదు. నల్లరంగు అందుకు వేయించాను. పందెంలో దిగొద్దని బతిమాలాను. ఏటా దిగేవాణ్ణి మానేస్తేనే అడుగుతారమ్మా అన్నాడు, అదీ నిజమే. కానీ ఆ పొద్దున ఫోటో మాట వచ్చిపడింది. వాడి ముఖమూ ఆ సైకిలూ కలిపి పేపర్లో వేస్తే పోల్చుకోనివాడెవడు? ఊ మౌంగ్ గలే ఎదురుగా ఓడిపోరా అని ఎలా చెప్పను? చెప్పినా వాడు వింటాడా, నీ మేనల్లుడాయె. కొంగు పోగు ముక్కులో పెట్టి చూశాను, రాలేదు. ముప్పై ఏళ్ళ కారానికి మొద్దుబారిన ముక్కు అది. చివరికి కూర్మనాథం బావ డబ్బీలోంచి చిటికెడు తీసుకున్నాను. ఆయన లెక్కపెడుతూ చూడలేదు. ఆ పెద్దమనిషి ఎదురుపడితే తలెత్తలేకపోతున్నాను.

తీరా ఫోటోలో పడింది చెవి. ఆ చెవిని చూసి ఎవరూ ఎవర్నీ పట్టుకోలేరు. అయినా సరే, మళ్ళీ ఆ గుమ్మంలో నించోబెడితే మళ్ళీ తుమ్ముతాను.

నన్ను తిట్టు, వాణ్ణి తిట్టకు. ఎందుకంటే, నేనిచ్చింది ఒక్క గ్లాసే. తుమ్ములూ శకునాలూ చెబితే నవ్వి పోయేవాడు, ఆ రోజు నోరెత్తకుండా కాళ్ళు కడుక్కున్నాడు, కూర్చున్నాడు, నా ముఖం వంక చాలాసేపు చూశాడు. గ్లాసు ఖాళీచేసి, ఇంకోటి ఇయ్యమ్మా అన్నాడు. మెల్లగా తాగాడు. ఆ రెండో గ్లాసుకు ముప్పై సెకన్లు. అది తాగకుండా లేచుంటే ఎనిమిది సెకన్లతో గెలిచేవాడు.

నేను అడగలేదు, వాడు చెప్పలేదు. నువ్వు నీ చేత్తో ఒక బనియను పసుపులో ముంచి, ఆరేసి, చంద్రరావు గారు తిరిగొచ్చేటప్పుడు ఇచ్చి పంపు. దాంతో ఉత్తరం ఏమీ పెట్టకు. ఎందుకు పంపావో వాడికి తెలుస్తుంది.