చివరి గడిలో రాసిన పేరు

దిల్‌సుఖ్‌నగర్,
5 జూలై 2011, మంగళవారం, పొద్దున తొమ్మిది గంటలు.

కౌసల్యకు మాలతి నాయిన దీవించి రాసేది.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి రెండుసార్లు సొరుగులో పెట్టేశాను. బందు కాబట్టి రేపటిదాకా పోస్టు డబ్బా తాళం ఎవరూ తీయరు. ఇది మంగళగిరి చేరేసరికి అక్కడ జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. కానీ పదకొండు గంటలకు మాలతికి కాన్పు ఆపరేషన్ అని రాశావు. ఇప్పుడు తొమ్మిది. ఈ రెండు గంటలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కలం పట్టుకున్నాను.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, కుండీలో కరివేపాకు, గోడ మీది బల్లి. అక్కడ నువ్వు, మాలతి, అల్లుడు, వియ్యంకుల వారు క్షేమమని తలుస్తాను. నలభై ఏళ్లుగా చూడకుండా రాసేసే వాక్యం ఇది. ఈ రోజు ఒక్కొక్క అక్షరం దగ్గర ఆగి రాశాను.

నీ ఉత్తరం నిన్న అందింది. అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. వండుకుంటున్నాను. బుధవారం పప్పు మాడితే గిన్నె నానబెట్టాను, ఇంకా నానుతూనే ఉంది. బీపీ గోళీలు వేసుకుంటున్నాను. కొట్లాటల జోలికి పోతున్నావా అని అడిగావు. పోవడం లేదు, అవే మన సందు మొగదలకు వచ్చాయి. అక్కడ దీక్షా శిబిరం వేశారు. కరెంటు పని చేసే భిక్షపతి పొద్దుటి నుంచి రాత్రిదాకా అందులోనే ఉంటున్నాడు. నిన్న ఎమ్మెల్యేలు రాజీనామాలు ఇచ్చారని ఒకటే డప్పులు. నన్ను చూసి కేకేశాడు.

"కాకా, టెన్నిస్ల గెలిచేటోణ్ని ముందుగాలనే చెప్తవ్ గద, తెలంగాణ ఎప్పుడొస్తదో గది గూడ చెప్పరాదు!"

"అయిదో సెట్ల ఉన్నది బిడ్డా, జర ఆగు" అన్నాను.

టెంటులో వాళ్లంతా చప్పట్లు కొట్టారు. నేను మాత్రం నాలుక కరుచుకున్నాను. అయిదో సెట్టు అన్న మాట నోట వచ్చినందుకు. అదెందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. నీకు కోపం వస్తుందని తెలుసు. "సుట్టు తిప్పకుండ ఒక్క ముచ్చట చెప్పవా నువ్వు?" అంటావు. చెప్పలేను. తిన్నగా చెబితే చేయి ఆగిపోతుంది.

నాకు ఇంగ్లీషు ఏ బడిలోనూ రాలేదు. మగ్గం వదిలి ఇక్కడి చీరల దుకాణంలో చేరిన కొత్తలో మడతల మధ్య పెట్టడానికి పాత ఇంగ్లీషు పేపర్లు తెచ్చేవారు. ఎప్పుడు తెరిచినా నాకు ఆటల పేజీయే వచ్చేది. టెన్నిస్ స్కోరు చదవడానికి చదువు అక్కర్లేదు, అంకెలు చాలు. అంకెల పక్కనున్న పేర్లు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత డ్రా కాగితం కంటపడింది. నూట ఇరవై ఎనిమిది మంది పేర్లు, ఇద్దరిలో ఒకరు మిగులుతూ, సగం, అందులో సగం, చివరికి ఒక్క గడి. మన పోచంపల్లిలో రంగులద్దే ముందు దారాలకు కట్లు ఎక్కడ కట్టాలో గళ్ల కాగితం మీద గీసుకుంటాం చూడు, అచ్చం అదే. అప్పటి నుంచి ప్రతి పెద్ద పోటీకి గళ్ల కాగితం మీద డ్రా గీసి, ఆట మొదలు కాకముందే చివరిదాకా పెన్సిలుతో నింపి, గోడకు అంటిస్తున్నాను. నువ్వు దాన్ని పిచ్చి కాగితం అంటావు. అది నిజమేనని ఈ వారం తెలిసింది.

రెండేళ్ల కిందటి ఫిబ్రవరి ఒకటో తారీఖు నువ్వు మరిచిపోయి ఉండవు. ఆదివారం. ఆస్ట్రేలియాలో ఫైనల్. ఫెదరర్ గెలుస్తాడని రాశాను. అయిదో సెట్టులో ఓడిపోయి, మైకు ముందు మాట రాక ఏడ్చాడు. అతను అలా ఏడుస్తుండగానే మంగళగిరి నుంచి అల్లుడి ఫోను. ఏడో నెలలో మాలతికి బిడ్డ పోయింది, రక్తం ఆగడం లేదు, బయలుదేరండి అని. బస్సు దిగి, మిగిలిన రాత్రంతా దవాఖానలో ఆపరేషన్ గది ముందు బెంచీ మీద మనిద్దరం కూర్చున్నాం. నీ పెదాలు కదులుతున్నాయి, నువ్వు దేవుణ్ని తలుచుకుంటున్నావు. నేను ఏం తలుచుకుంటున్నానో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ కాగితంలో పేరు నేను తప్పు రాయకపోతే ఇట్ల అయ్యేది కాదని అనుకుంటున్నాను. పిచ్చే. కానీ తెల్లవారి డాక్టరమ్మ "మీ అమ్మాయి దక్కింది" అనేదాకా ఆ పిచ్చి నన్ను వదల్లేదు.

అసలు చెప్పాల్సింది ఇది. ఈ వింబుల్డన్‌కు నేనొక తప్పు చేశాను. మా నాయిన జానయ్య మగ్గం మీద ఉన్న చీర గురించి ఎవరైనా "అయిపోవచ్చిందా?" అని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. కోసి కిందికి దించేదాకా అది చీర కాదు, పోగులే అనేవాడు. నన్నూ అట్లనే పెంచాడు. అన్నీ తెలిసి కూడా ఫెదరర్‌ను మెట్టు మెట్టుగా ఫైనల్‌దాకా తీసుకుపోయి, గెలిచినవాడి పేరు రాసే చివరి గడిలో ఆటగాడి పేరు రాయలేదు. "మాలతి" అని రాశాను. ఆయన గెలిస్తే మన పిల్ల కాన్పు సుఖంగా అవుతుందని నాలో నేను కట్టు వేసుకున్నాను. దారం రంగులో పడ్డాక ఆ కట్టు విప్పి మళ్లీ కట్టలేం గదా.

బుధవారం సాయంత్రం పక్కింట్లో ఆట చూశాను. వెంకటేశ్వరరావు గారి సంగతి నీకు తెలిసిందే, తెనాలి నుంచి వచ్చి పాతికేళ్లయినా ఆయన మాటకు తెనాలి వాసన పోలేదు. ఫెదరర్ రెండు సెట్లు గెలిచాడు.

"ఇంకేంటండీ కోదండం గారూ, మీవాడు నెగ్గేసినట్టే! పెద్ద పోటీల్లో రెండు సెట్లు కొట్టాక ఓడిన పాపాన పోలేదు. కాఫీ తాగండి."

"జర ఆగుండ్రి సార్, ఇంక అయిపోలే."

"మీ నోట ఎప్పుడూ ఆగండనే మాటేనా? మీ ఉద్యమంలో మాత్రం ఒక్కరోజు కూడా ఆగరు!" అని నవ్వారు. వాళ్లావిడ ఇందిరాదేవి గారు "చాల్లెండి మీ వేళాకోళం" అని ఆయన్ను కసిరి, నాకు కాఫీ ఇచ్చారు.

తాగలేదు. మూడో సెట్టు పోయింది. నాలుగోది పోయింది. అయిదోది పోతుంటే నేను తెర వైపు కాదు, ఆ కప్పులో కడుతున్న మీగడ వైపు చూస్తున్నాను. ఫెదరర్‌కు ఎన్నడూ జరగనిది, నేను మన పిల్ల పేరు పెట్టిన రోజే జరిగింది.

ఇంటికొచ్చి ఫోను వైరు పీకేశాను.

అవును కౌసల్యా. ఫోను చెడిపోలేదు. కంప్లైంటు ఇచ్చానని, లైన్‌మన్ దీక్షలో ఉన్నాడని నీకు చెప్పించింది అబద్ధం. అది మోగితే ఫిబ్రవరిలో లాగా మోగుతుందని భయం. నువ్వు వెంకటేశ్వరరావు గారి సెల్లుకు చేసినప్పుడల్లా స్నానం చేస్తున్నానని చెప్పమన్నాను. మూడోసారికి ఆయనే, "ఇదేం స్నానమండీ బాబూ, చెరువు ఎండిపోతుంది!" అన్నారు.

ఇంకొకటి ఉంది. సోమవారం ఎట్లాగైనా బయలుదేరి రమ్మని రాశావు. ఎందుకు రాలేదని తప్పకుండా అడుగుతావు. బందు ముందురోజే బస్సులు ఆపేశారని చెబుదామనుకున్నాను. ఆపలేదు. నిన్న మధ్యాహ్నం సంచి సర్దుకుని ఎల్‌బీ నగర్ పోయాను. విజయవాడ బస్సు ఉంది. "రేపటి సంది బండ్లు బంద్! ఎక్కేటోళ్లు ఇప్పుడే ఎక్కుండ్రి!" అని కండక్టర్ అరుస్తున్నాడు. ఎక్కాను. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. బస్సు కదిలింది. హయత్‌నగర్ వచ్చేదాకా ఆ బెంచీ నా కళ్ల ముందు నుంచి పోలేదు. ఆకుపచ్చ రంగు వేసిన బెంచీ. ఒక కాలు పొట్టి. నువ్వు కదిలితే నా వైపు ఒరిగేది. మళ్లీ దాని మీద కూర్చోవాలి. తలుపు తెరుచుకుంటే డాక్టరమ్మ ముఖం చూడాలి. లేచి, బస్సు ఆపమన్నాను.

"ఏం పెద్దాయనా, స్టవ్ మీద పాలు పెట్టి మరిచినవా?" అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. నేను కూడా నవ్వి దిగిపోయాను.

ఆ పేరు రాసిన చేయి మాలతి దగ్గరికి రాకపోవడమే మంచిదని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అది సాకు. నేను భయపడ్డాను, అంతే. కన్నబిడ్డ ఆపరేషన్ బల్ల ఎక్కబోతుంటే, నిన్ను ఒక్కదాన్నే ఆ బెంచీ మీద వదిలేసి, అరవై ఎనిమిదేళ్ల మొగవాణ్ని, నడుచుకుంటూ ఇంటికొచ్చాను. ఇప్పుడు రావాలన్నా దారి లేదు. రోడ్డు మీద ఆటో కూడా లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కుక్కలు నడి రోడ్డు మీద పడుకోవడం ఎప్పుడైనా చూశావా? ఇప్పుడు పడుకున్నాయి.

పదకొండు దాటింది. ఇందాక వెంకటేశ్వరరావు గారు వచ్చారు. రాళ్లు పడతాయేమో, ముందు గది కిటికీలు మూసుకోమని చెప్పడానికి వచ్చి, గోడ మీది కాగితం ముందు ఆగిపోయారు. కళ్లజోడు పైకి నెట్టి చివరి గడి చదివారు. నా వైపు చూశారు. ఆయనకు వేరే చెప్పక్కర్లేకపోయింది. నిదానంగా అన్నారు.

"కోదండం గారూ, ఓడిపోయింది ఆ స్విట్జర్లాండాయన. మాలతి ఎవరితో ఆడిందండీ? ఎవరి చేతిలో ఓడింది? ఆ పిల్ల పేరు ఆ గడిలో రాసింది రాసినట్టే ఉందిగా."

మాట బాగుంది. ఆయన పోయాక కూడా దాన్ని పదిసార్లు అనుకున్నాను. భయం మాత్రం తగ్గలేదు. పన్నెండయింది. పన్నెండున్నరయింది. శిబిరం దగ్గర మైకులో పాట ఆగింది, మళ్లీ మొదలైంది. ఇంత భయాన్ని రెండేళ్ల కింద నువ్వు ఎట్ల మోశావో అడగాలనిపించింది. ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను ఏమైనా అను, పడతాను. వైరు పెట్టడానికి ఇప్పటికి మూడుసార్లు లేచి మూడుసార్లు కూర్చున్నాను.

ఒంటి గంటా పది నిమిషాలు. వెంకటేశ్వరరావు గారు మళ్లీ వచ్చారు. ఈసారి గేటు బయటి నుంచి పిలవలేదు. లోపలికి వచ్చి, స్నానం అనే వీలు లేకుండా సెల్లు నా చెవికి ఆనించి, దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డారు. ముందు గరగర, దాని వెనక పసిబిడ్డ ఏడుపు. తర్వాత మాలతి గొంతు వచ్చింది, నీరసంగా.

"నాయినా, తిన్నవా?"

తిన్నానని చెప్పాను.

ఇట్లు,
మాలతి నాయిన,
కోదండం.