జేబులో టిల్ట్ గుండు

4-3-1979
బయ్యన్న తన కూల్‌డ్రింక్ షాపులోకి పిన్‌బాల్ మెషిన్ తెచ్చాడు. బెంగళూరులో ఏదో క్లబ్బు వదిలించుకున్న సరుకు. పని చేయడం లేదు. రేడియోలు బాగు చేస్తావు కదా, ఇది చేయలేవా ఏమప్పా అన్నాడు. ధర్మవరంలో కరెంటుతో నడిచేదంతా నా మెడకే చుట్టుకుంటుంది.

6-3
అద్దం తీసి చూశాను. ఊడిన తీగలు అతికిస్తే నడిచింది. ఆట సులువే. స్ప్రింగు లాగి వదిలితే బంతి పైకి పోతుంది. వాలుబల్ల మీద దొర్లుతూ బంపర్లకు తగిలితే పాయింట్లు. వరుసగా నిలబడ్డ ఐదు టార్గెట్లూ పడగొడితే బోనస్ డబుల్. కింద, బటన్ నొక్కితే బంతిని పైకి తన్నే రెండు ఫ్లిప్పర్లు. వాటి సందులోకి జారితే బంతి పోయినట్టే. మొత్తం ఐదు బంతులు.

బల్లను కుదిపి బంతి దారి మళ్లించేవాళ్లుంటారు. వాళ్ల కోసం లోపల ఒక ఇత్తడి గుండు వేలాడుతోంది, దాని చుట్టూ రింగు. కుదుపుకు గుండు రింగును తాకితే టిల్ట్. ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి. ఆ బంతి పోతుంది, ఆట పోదు. న్యాయమైన రూలే.

11-3, ఆదివారం
నాయన వచ్చాడు. కుడిచెయ్యి వణుకుతో మగ్గం దిగి ఎనిమిది నెలలైంది. ఊరికే చూస్తానన్నవాడు ఆడాడు. బటన్ నొక్కినప్పుడల్లా చెయ్యి అదిరి మెషిన్‌ను తోసేస్తోంది. ఐదు బంతులూ టిల్ట్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నా చెయ్యి సంగతి దీనికీ తెలిసిపోయిండాదే అన్నాడు నాయన. ఆయన నవ్వలేదు.

12-3, ఉదయం 6
షాపు తెరవగానే వెళ్లి గుండు విప్పి జేబులో వేసుకున్నాను.

18-3
నాయన స్కోరు 41,300. టిల్ట్ లేదు. ఇంటికి బజ్జీలు కట్టించుకొచ్చాడు.

25-3
టిల్ట్ ఎందుకు పడడం లేదని బయ్యన్న అడిగాడు. చూస్తానన్నాను. చొక్కా మార్చినప్పుడల్లా గుండునూ ఆ జేబులోకి మారుస్తున్నాను. ఎందుకో ఇంకెక్కడా పెట్టబుద్ధి కాదు.

2-4
నాయన షావుకారు గోవిందప్ప దగ్గర్నుంచి పెళ్లిచీర పడుగు తెచ్చాడు. చెయ్యి నయమైండాది, మెషిన్ మీద పరీక్ష చేసుకుంటి అని చెప్పాడట. ముప్పై ఏళ్లుగా నాయన మాట మీద నడిచిన వ్యవహారం, గోవిందప్ప నమ్మాడు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. నాయన మగ్గం మీద పేక నడిపే నాడె తుడుచుకుంటూ కూనిరాగం తీస్తున్నాడు. మింగలేక కక్కలేక అన్నం తిని పడుకున్నాను. పిరికివాణ్ణి.

9-4
జరీ అంచు వంకర. పడుగు మధ్యలో జానెడు మేర పోగులు తెగిపోయాయి. గోవిందప్ప వచ్చి చూశాడు. పడుగు విప్పించుకుని పోయాడు. తిట్టినా బాగుండేది.

నాయన మగ్గం గుంతలోనే కూర్చుని తెగి రాలిన పోగులు ఏరాడు.

9-4, సాయంత్రం
అమ్మ నా చొక్కా ఉతకబోతే గుండు దొరికింది. ఇదేమిరా అని నాయన ముందు పెట్టింది. మగ్గానికి బరువులు కట్టీ కట్టీ అరిగిన చెయ్యి ఆయనది. అరచేతిలో ఆడించి, ఇది యాడ వేలాడేదిరా అన్నాడు.

చెప్పాను. పన్నెండో తారీకు నుంచి అంతా చెప్పాను. సిగ్గుతో ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నా చెయ్యి నాతో అబద్ధం ఆడలేదు, నువ్వు ఆడించినావు అన్నాడు. అంతే. అన్నం కూడా నాతోపాటే తిన్నాడు.

10-4
నాయన షాపుకు నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు. గుండు తీసి నా చేతికిచ్చాడు. యాడుండాల్నో ఆడ కట్టు అన్నాడు. కట్టాను.

22-4
నాయన మళ్లీ ఆడాడు. నాలుగు బంతులు టిల్ట్. ఐదోది టిల్ట్ కాకుండానే సందులోకి జారిపోయింది. నాయన స్కోరు చూడలేదు. నా దగ్గరికొచ్చి, గుండు మళ్లీ తీశానేమోనని జేబు తడిమాడు. ఖాళీ.