రజియా మాటకు రెండో చెయ్యి

రజియా,

నీ లైబ్రరీ గెలిచిందే! మన పిల్లల హైస్కూల్లో ఇక రోజూ సాయంత్రం ఆరు దాకా తెరిచే ఉంటుంది. అమ్మానాన్నలు డ్యూటీలో ఉన్న పిల్లలు రైల్వే స్టేషన్ మెట్లమీద కూర్చోనక్కర్లేదు.

స్కూల్ కౌన్సిల్‌లో నువ్వు ఈ మాట ఎత్తినప్పుడల్లా ఏమయ్యేది? సెకండ్ చేస్తానని ఇంకొకరు చెయ్యెత్తితే తప్ప చర్చకే రాదు కదా. ఒక్క చెయ్యీ లేచేది కాదు. రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరికీ వైటూకే భయమే, లైబ్రరీ ఎవరికి పట్టింది? కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు. నువ్వు మాత్రం ఈ లోకంలో లేవు.

నీ సీటుకు నేనే నిలబడ్డాను. జీతం లేని పదవికి ఇంత హడావిడా అని మా ఆయన ఒకటే నవ్వు. పోయిన నెల మీటింగ్‌లో నీ ప్రతిపాదన చదివి, ఆవేశంలో సెకండ్ అంటూ నేనే చెయ్యెత్తేశాను.

"నీ మోషన్‌ని నువ్వే సెకండ్ చేసుకోకూడదు" అన్నాడు ప్రెసిడెంట్.

"నాదెక్కడిది? ఇది రజియాది. నేను సెకండ్ మాత్రమే" అన్నాను.

హీటర్ ఖర్చెవరిస్తారని ఎప్పుడూ నీ మీద గొణిగే పీటర్ లేడూ, అతనే లేచి, "అయితే రజియా తరఫున నేను ప్రతిపాదిస్తున్నా" అన్నాడు. చేతులన్నీ లేచాయే!

ఈరోజే మొదలు. తాళంచెవి నా దగ్గరే. కిటికీ పక్కన మీ అబ్బాయి ఇమ్రాన్ లెక్కలు చేసుకుంటున్నాడు. ఐదున్నరకే ఇంట్లో వంట గుర్తొచ్చి లైట్లు ఆపబోయాను.

వాడు తలెత్తకుండానే అన్నాడు: "సిక్స్, ఆంటీ. మమ్ సెడ్ సిక్స్."